మూసీకి ఎదురేగి

ఈపూరు విడిచి కారెంపూడి త్రోవ పట్టునప్పటికి పొద్దు బారెడెక్కినది. కార్తీకము అప్పుడే ప్రవేశించినందున ఇరుప్రక్కల ప్రత్తిచేలు విచ్చి తెల్లనై యుండెను. కొంగులు ఒడి కట్టుకొన్న స్త్రీలు వరుసలుగా వంగి దూది తీయుచుండిరి. మిరపతోటలు మాత్రము ఇంకను పచ్చగానే నిలిచి, సంక్రాంతి దాటిన పిమ్మట కల్లములను ఎఱ్ఱబరచుటకు కావలసిన కారమును మెల్లమెల్లగా కూడబెట్టుకొనుచుండెను.

నాతో వచ్చినవాడు మా మేనల్లుడు. నరసరావుపేట కోర్టులలో ప్రాక్టీసు చేయు యువకుడు. హైదరాబాదులో అతనికేదో పని యుండెను; నాకు మూసీనది పుట్టిన అనంతగిరి కొండలను కన్నులార చూడవలెనను కోరిక చిరకాలముగా ఉండెను. అయితే ఈ ప్రయాణమునకు ఒక సూత్రమును సమకూర్చినది అతడు దారిపొడవునను చెప్పుచు వచ్చిన వ్యాజ్యకథయే. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అను ఇద్దరు హైదరాబాదు నివాసులు, తొమ్మిదేండ్ల సాహచర్యము తరువాత, 2021 డిసెంబరు 18న వికారాబాదు మార్గమందలి యొక విడిదిలో బంధుమిత్రుల ఎదుట వివాహమాడి, తమవంటి వారి వివాహములను 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము క్రింద గుర్తింపవలెనని మరుసటి సంవత్సరము నవంబరులో సుప్రీంకోర్టును ఆశ్రయించిరి. ఆ వ్యాజ్యమే సుప్రియో కేసను పేర దేశమున ప్రసిద్ధి కెక్కినది. నా వయస్సు వారికి ఇట్టి ప్రసంగమును నలుగురిలో ఎత్తుటకే జంకు. మా మేనల్లుని తరము వారికి అది మిరపధరవలె మామూలు మాట. మేము పోవు దారియే ఆ పెండ్లి జరిగిన దారియని తెలిసినంతనే, వాడపల్లిలో మూసీ కృష్ణను కలియు చోటినుండి ఆ ఏటికి ఎదురుగా దాని పుట్టుచోటు దాక పోవుచు ఈ కథను ఆసాంతము వినవచ్చునని నిశ్చయించుకొంటిని.

కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ముంగిట దిగితిమి. ఉత్సవములు కార్తీక అమావాస్యనాడు గాని మొదలు కావు గనుక ఆవరణ నిర్జనముగా నుండెను. గుడిని కనిపెట్టుకొనియున్న వృద్ధుడొకడు మమ్ము చూచి దగ్గరకు వచ్చి, అడుగకుండగనే, రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదునాళ్ళ వరుసను వ్రేళ్ళమీద లెక్కించి, "మందపోరు నాడు రండయ్యా, చాపకూడు తిని పోదురుగాని" అని పిలిచెను. పండ్రెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు సకలకులముల వారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి అన్నము పెట్టించెనని మా పల్నాటివారము ఎచ్చటికి పోయినను చెప్పుకొనుచుందుము, చెప్పుకొనదగినదే. కాని ఆ చాపమీద పక్కపక్కన కూర్చున్నవారి సంతానము పెండ్లిపీటలమీద పక్కపక్కన కూర్చుండుటకు ఎనిమిది వందల యేండ్లు గడచినను ఊరు ఒప్పుకొనుట లేదు. మాకు పొరుగుననే యున్న వినుకొండలో 1895లో జన్మించిన జాషువా మహాకవి తల్లిదండ్రులు భిన్నకులముల వారు. ఆ పెండ్లికి కట్టవలసిన మూల్యమును ఆ బాలుడు పసినాటనే కట్టవలసి వచ్చినది. భోజనముకంటె వివాహము కఠినమైన పరీక్ష యనుటకు మా సీమకు వేరొక సాక్ష్యము అక్కరలేదు.

దాచేపల్లి చేరునప్పటికి నేల రంగు మారినది. నల్లరేగడి తప్పుకొని సున్నపురాయి పొరలు పొరలుగా బయటపడును. నాపరాళ్ళను నిలువున పాతి కట్టిన దడులు, వాని వెనుక గేదెలు, ఆ పైన సిమెంటు ఫ్యాక్టరీల గొట్టములు. దారిప్రక్క తుమ్మచెట్ల ఆకులన్నియు బూడిద పూసికొన్నట్లుండెను. పొందుగల వంతెన దాటిన ఆవలి గట్టు వాడపల్లి, అనగా తెలంగాణము. ఇచ్చట మీనాక్షీ అగస్త్యేశ్వరుల ఆలయపు రేవులో నిలిచి చూచిన, కృష్ణ విశాలమై, నిదానమై, తనలో చేరవచ్చిన మూసీని మాఱుమాటలేక కలుపుకొనుచుండును. ఆ వచ్చునది హైదరాబాదు మహానగరపు మురికినంతయు మోసికొనివచ్చు నీరని తెలిసియు స్నానము చేయువారు స్నానము చేయుచునే యుండిరి.

రేవుపైని టీ దుకాణమువాడు మా మాట వినగానే, "పల్నాడా? మీ దిక్కు కారం మస్తు తింటరంట గద" అని నవ్వి, బెంచీమీద దుమ్ము తన కండువాతో దులిపి కూర్చుండుమనెను. మా వైపు టీకొట్టువాడు ఏ ఊరని అడిగి, ఎవరి తాలూకని అడిగి, అటుపై ఏమిటివారని అడుగకుండ గ్లాసు చేతి కీయడు. ఈతడు రెండవ, మూడవ ప్రశ్నలు వేయలేదు. అది సంస్కారమో, బేరముల తొందరయో చెప్పజాలను గాని నాకు హాయిగా తోచినది.

అచ్చటనే మా మేనల్లుడు, "మామయ్యా, మన హైకోర్టు సంగతి కూడా వినండి" అని మొదలుపెట్టెను. విజయవాడకు చెందిన యువతి యొకతె, తనతో కలిసి యుండు స్నేహితురాలిని ఆమె తండ్రి తీసికొనిపోయి ఇంట నిర్బంధించినాడని హెబియస్ కార్పస్ పిటిషను వేసినది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఆ పిల్లను పిలిపించి ఆమె మాట విని, యుక్తవయస్సు వచ్చిన స్త్రీకి తాను ఎవరితో బ్రతుకవలెనో ఎంచుకొను స్వేచ్ఛ కలదనియు, తలిదండ్రులు అడ్డుపడరాదనియు ఆజ్ఞాపించినది. "అంటే కలిసి ఉండవచ్చు. పెళ్ళి మాత్రం రిజిస్టరు కాదు. ఒకరికి ఆపరేషనైతే రెండోవారు సంతకం పెట్టాలంటే ఏ చుట్టరికమని రాస్తారు?" అని అతడు నన్నడిగెను. నేను టీ త్రాగుచుండిన నెపమున ఊరకుంటిని.

మిర్యాలగూడ బియ్యపు మిల్లుల ఊరు. ఊక వాసన ఊరికి ముందే వచ్చి ఎదురుకొనును. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, భారత శిక్షాస్మృతి 377వ సెక్షనును కుదించి, వయోజనులు పరస్పర సమ్మతితో ఏర్పరచుకొన్న స్వలింగ సంబంధము నేరము కాదని తీర్పు చెప్పెను. ఎనిమిది దినములకు, సెప్టెంబరు 14న, ఈ మిర్యాలగూడలో ప్రణయ్ అను దళిత యువకుని, గర్భవతియైన భార్య కన్నులయెదుట, ఆసుపత్రి ద్వారమున, కిరాయి హంతకుడు నరికి చంపెను. ఆ దంపతులు స్త్రీపురుషులే, వయస్సు వచ్చినవారే, వారి వివాహమున చట్టమునకు ఏ ఆక్షేపణయు లేదు. ఆక్షేపణ కులమునకు. 2025 మార్చి 10న నల్గొండ న్యాయస్థానము హంతకునికి మరణశిక్షయు, మరి ఆరుగురికి యావజ్జీవ కారాగారమును విధించినది. రిజిస్టరులోని సంతకము కత్తి నాపలేదు, నిజమే. కాని హత్య జరిగిన పిమ్మట ఆమె అతని భార్య యగునా కాదా యని ఏ గుమాస్తాయు ప్రశ్నింపలేదు. అంతమాత్రపు రక్షణయైనను లేని దంపతులు ఈ దేశమున ఉన్నారన్న మాట ఆ ఊరు దాటువరకు నా మనస్సును వదలలేదు.

హైదరాబాదులో నయాపూల్ సమీపమున ఇరానీ హోటలులో కూర్చుంటిమి. పాలరాతి బల్ల అంచు పగిలియున్నది. చాయ్ మీద మీగడ అట్టకట్టియున్నది. బల్లకు ఆవలివైపు కూర్చున్న అపరిచితుడు, తెల్లగడ్డపు ముసలివాడు, తన ఉస్మానియా బిస్కట్ల పళ్ళెమును నా వైపు నెట్టి, "లీజియే" అని తన వార్తాపత్రికలో మునిగిపోయెను. పరిచయము కోరని ఆతిథ్యము నగరమునకే చెల్లును. మా ఊర ఆతిథ్యము ఘనమైనదే గాని దానికి వెనువెంట వంశావళి విచారణ యుండును. తాము తాముగా బ్రతుకదలచిన వారెందరో పల్లెలను విడిచి నగరములను చేరుటకు ఉద్యోగ మొక్కటే కారణము కాదని ఆ బల్లయొద్ద నాకు తోచెను.

మూసీ గట్టున ఎఱ్ఱరాతి గుమ్మటములతో నిలిచియున్న హైకోర్టు భవనమును ఏడవ నిజాము 1920లో ప్రారంభించెను. 1908 నాటి వరద ఊరిని ఊడ్చుకొని పోయిన పిమ్మట నగరమును తిరిగి తీర్చిదిద్దిన కాలమది. ఇంచుమించు ఆ దినములందే, ఫసలీ 1329లో, ఆ ప్రభుత్వమే ఒక శాసనమును చేసినది. దాని ప్రకారము నగరములోని హిజ్రాల పేర్లను ఒక రిజిస్టరులో ఎక్కింపవలెను. ఆడవేషముతో వీథిలో కనబడినను, ఆడినను పాడినను, వారంటు లేకుండ పట్టుకొనవచ్చును. నిజాము పోయెను, రాష్ట్రములు కలిసెను, విడెను, ఆ శాసనము మాత్రము పుస్తకములో పదిలముగా నుండెను. వైజయంతి వసంత మొగ్లి మొదలగువారు వేసిన వ్యాజ్యమున తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. ఒకనాటి ప్రభుత్వము ఈ జనుల పేర్లను బలవంతముగా రిజిస్టరు కెక్కించినది; నేటి ప్రభుత్వము, స్వలింగ జంటలు తమంతట వచ్చి వివాహపు రిజిస్టరులో సంతకము చేయుదుమనిన, ఆ పుస్తకము మీది కాదనుచున్నది. గద్దె మారినను పుస్తకము మీది పెత్తనము మారలేదు.

సుప్రియో కేసును విన్న ఐదుగురు న్యాయమూర్తులలో హిమా కోహ్లీ గారు ఇదే భవనమున ప్రధాన న్యాయమూర్తిగా, తెలంగాణమున ఆ పదవి నలంకరించిన తొలి మహిళగా, కూర్చున్నవారు, పి.ఎస్. నరసింహ గారు తెలుగువారు. దేశపు నలుమూలల నుండి చేరిన దాదాపు ఇరువది పిటిషన్లను కూర్చి 2023 ఏప్రిల్ 18 నుండి మే 11 వరకు వాదములు వినిరి. అక్టోబరు 17న తీర్పు వచ్చినది. వివాహము రాజ్యాంగదత్తమైన ప్రాథమిక హక్కు కాదని ఐదుగురును ఏకగ్రీవముగా చెప్పిరి. ప్రత్యేక వివాహ చట్టమునకు క్రొత్త మాటలు చేర్చుట న్యాయస్థానపు పని కాదనిరి. వివాహము కాకున్నను అట్టి జంటల కలయికకు రాజ్యము గుర్తింపు నీయవలెనని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారును, కౌల్ గారును అనగా, రవీంద్ర భట్, కోహ్లీ, నరసింహ గారలు అందుకు సమ్మతింపలేదు. ఈ జంటలకు ఏయే సౌకర్యములు కల్పింపవచ్చునో క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక సంఘము విచారించునని కేంద్రము చెప్పిన మాటను కోర్టు నమోదు చేసికొనినది.

ఆ సంఘమునుండి ఫలము పూర్తిగా రాలేదనుటకు వీలులేదు. 2024లో కేంద్రము, అట్టి ఇద్దరును ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరువవచ్చుననియు, ఒకరిని మరొకరు నామినీగా చూపవచ్చుననియు, రేషను కార్డు విషయమున వారిని ఒకే కుటుంబముగా చూడవలెననియు తెలిపినది. బియ్యము పుచ్చుకొనుటకు వారొక కుటుంబము. సంతకము చేయుటకు కాదు! చాపకూడు దాక వచ్చి మరల అచ్చటనే ఆగితిమి.

నగరము దాటి ఉస్మాన్‌సాగరు మీదుగా పోవుచు చిలుకూరు బాలాజీ ఆలయమున ఆగితిమి. వీసా కోరు యువతీయువకులు మ్రొక్కునకు పదునొకండును, కోరిక తీరిన పిమ్మట నూట యెనిమిదియును ప్రదక్షిణములు చేయుట ఇచ్చటి వాడుక, అంకెలు వేసిన అట్టముక్కపై ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క గీత గీచికొనుచు, పెదవులు కదలించుచు, పరుగువంటి నడకతో తిరుగుచున్న ఆ జనసమూహమును చూచుచు మా మేనల్లుడు మెల్లగా, "వీళ్ళలో ఎవరైనా ఇద్దరు మగపిల్లలో, ఆడపిల్లలో, అక్కడ పెళ్ళి చేసుకుంటే అమెరికా వాళ్ళకి దంపతుల వీసానే ఇస్తుంది, మామయ్యా. శంషాబాదులో విమానం దిగగానే ఎవరికి వారే" అనెను. ఆ దేశపు వలస శాఖ 2013 నుండి అట్టి వివాహములను వివాహములుగానే పరిగణించుచున్నది.

అయితే ఆ దేశమును మాత్రము ఉదారమని తలచి చేతులు జోడింప నక్కరలేదు. మన తెలుగువారును స్థిరపడిన మిన్నెసోటా రాష్ట్రపు చరిత్రను అతడు పూసగ్రుచ్చినట్లు చెప్పెను. 1970 మే 18న జాక్ బేకర్, మైఖేల్ మెక్‌కానెల్ అను ఇద్దరు హెనపిన్ కౌంటీ కార్యాలయమున వివాహపు లైసెన్సుకు దరఖాస్తు చేయగా అచ్చటి గుమాస్తా నిరాకరించెను. వారు కోర్టు కెక్కిరి. 1971 అక్టోబరులో రాష్ట్రపు సుప్రీంకోర్టు, వివాహమనిన స్త్రీపురుషులదే యని కొట్టివేసినది. మరుసటి యేడు అమెరికా సుప్రీంకోర్టు విచారింపదగిన ప్రశ్నయే ఇందులో లేదని ఒక్క వాక్యముతో పంపివేసినది. ఆ నడుమ ఆ గడుసువారిద్దరు, పేరు మార్చుకొని బ్లూ ఎర్త్ అను వేరొక కౌంటీలో లైసెన్సు సంపాదించి, 1971 సెప్టెంబరు 3న పెండ్లియే చేసికొనిరి! 1997లో రాష్ట్ర శాసనసభ అట్టి వివాహములను పేరుపెట్టి నిషేధించినది. 2012 నవంబరులో ఆ నిషేధమును రాష్ట్ర రాజ్యాంగమునందే చెక్కివేయవలెనని ప్రజల ముందుంచగా ఓటర్లు త్రోసిపుచ్చిరి. ఆరు మాసములు దాటిన కొలదిదినములకే శాసనసభ వివాహహక్కు నొసగు బిల్లును ఆమోదింప, 2013 మే 14న గవర్నరు సంతకము చేసెను. ఆగస్టు 1 నుండి పెండ్లిండ్లు మొదలయ్యెను. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు దేశమంతటికిని ఆ హక్కును వర్తింపజేయుచు, బేకర్ కేసులో తాను వ్రాసిన ఆ ఒక్క వాక్యమును రద్దుచేసినది. గుమాస్తా బల్లయొద్ద నిరాకరణము మొదలు గవర్నరు సంతకము వరకు నలుబది మూడేండ్లు పట్టినది. ఆ సంతకము కోర్టు ఆజ్ఞవలన గాక ఓటర్లు, శాసనసభ్యులు కదలుటవలన పడినది. మా మేనల్లునికి మొదటి మాట నిరాశ, నాకు రెండవ మాట ఆశ.

చేవెళ్ళ మార్గమున ఊడలు దిగిన మఱ్ఱిచెట్లు ఇరువైపులనుండి వచ్చి నడినెత్తిన కలిసికొనుచుండును. వాని నీడలోనే, వికారాబాదు వైపు పోవు ఈ త్రోవలోనే, ఆ పెండ్లి జరిగినది. విడిదిని వెదకికొని పోయి తొంగిచూచుట నాకు మర్యాదగా తోచలేదు. కోవిడ్ రెండవ విడతలో ఇద్దరును జబ్బుపడి లేచిన పిమ్మట వారీ నిర్ణయము తీసికొనిరట. ఒకరు బెంగాలీ, ఒకరు పంజాబీ యగుటచే ఉభయ సంప్రదాయముల వేడుకలును జరిపి ఉంగరములు మార్చుకొనిరట. పురోహితస్థానమున వారి స్నేహితురాలైన యొక ట్రాన్స్‌జెండర్ మహిళ నిలిచినదట. అప్పుడు నాకు వీరేశలింగము పంతులుగారు తలపునకు వచ్చిరి. వితంతు వివాహములకు చట్టము 1856లో వచ్చినది. ఆయన రాజమహేంద్రవరమున తొలి వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. తెలుగునాట చట్టము ఇరువదియైదేండ్లు పెండ్లికొడుకు కొఱకు కాచుకొని యుండెను. ఆ పిమ్మట త్రిపురనేని రామస్వామి చౌదరిగారు వివాహవిధిని తెనుగున వ్రాసి పురోహితుడు లేని పెండ్లిండ్లు జరిపించినను, మా గుంటూరు సీమలో ఎందరో దండలు మార్చుకొని ఉపన్యాసములతో పెండ్లిండ్లు ముగించినను, పెండ్లి ముందు నడచినది, లోకసమ్మతి వెనుక కుంటుచు వచ్చినది. వికారాబాదు దారిలోని పెండ్లి ఈ రెండవ తెగకు చెందినది. దానిని పరదేశపు వెఱ్ఱి యనువారు మన తాతల దండల పెండ్లిండ్లను కూడ ఆనాడు అట్లే అనిరని జ్ఞాపకముంచుకొందురు గాక.

అనంతగిరి గాలి చల్లనిది, మందువంటిది. నిజాము కాలముననే ఇచ్చట క్షయరోగులకు ఆసుపత్రి కట్టిరి. అనంతపద్మనాభస్వామి గుడిమెట్ల దగ్గర ఒక ముసలమ్మ కడపటి సీతాఫలములను మోదుగాకులలో పేర్చి అమ్ముచుండెను. పండు కన్ను విచ్చిన చోట వ్రేలితో మెల్లగా నొక్కి, "గిది రేపటికి, గిది ఇప్పటికి" అని వేరుచేసి ఇచ్చుచుండెను. మా మేనల్లుడు ఊరకుండక, "అమ్మా, ఈ దారిలో ఇద్దరు మగపిల్లలు పెళ్ళి చేసుకున్నారట, విన్నావా?" అని అడిగెను. ఆమె తల యెత్తకయే, "మా మనుమడు ఫోన్ల జూపిచ్చిండు. ఇంటోళ్ళు గుడ ఉండిరంట గద. ఇంటోళ్ళు ఒప్పుకున్నంక నువ్వెవలు, నేనెవలు అడగనీకి? చిల్లర తియ్ బిడ్డా" అనెను. సుప్రీంకోర్టు తీర్పు పుటలు చదివి అలసిన మా వకీలు చిల్లర వెదకుకొనుచు నవ్వాపుకొనలేకపోయెను.

గుడి దిగువ చెట్లనడుమ తడిరాళ్ళలో మూసీ సన్నని నీటిచాలుగా, బాలుడు దాటగలిగినంత వెడల్పుతో, పారుచుండెను. దోసిట పట్టి చూచితిని; నగరమున కనబడిన నల్లదనము లేశమును లేదు. అచ్చటి బండమీద కూర్చుండి మా మేనల్లుడు మిగిలిన కథను ముగించెను: తీర్పును పునఃపరిశీలింపుమని వేసిన పిటిషన్లను 2025 జనవరి 9న సుప్రీంకోర్టు త్రోసివేసినది, తొలి ధర్మాసనములోని వారిలో నాటికి కొలువులో మిగిలినవారు నరసింహ గారొక్కరే. ఇక కోర్టుల ద్వారము ఇప్పట్టున మూసికొన్నట్లే.

మిగిలినది పార్లమెంటు. ప్రత్యేక వివాహ చట్టము నాలుగవ సెక్షను, ఏ ఇద్దరు వ్యక్తులైనను వివాహమాడవచ్చునని మొదలై, పురుషునికి 21, స్త్రీకి 18 ఏండ్లు నిండవలెనను షరతు దగ్గరకు వచ్చి ఆ ఇద్దరిని స్త్రీపురుషులకు కుదించుచున్నది. దానిని సవరించుటయు, పెండ్లి నోటీసును ముప్పది దినములు కార్యాలయపు గోడకు వ్రేలాడదీసి ప్రణయ్ వంటివారి శత్రువులకు జాడ తెలుపు నిబంధనను తొలగించుటయు ఒకే బిల్లుతో చేయదగిన పనులు. మా ఈపూరు వినుకొండ శాసనసభా నియోజకవర్గములోనిది. వినుకొండ నరసరావుపేట లోకసభా స్థానములోనిది. ఆ స్థానమున కూర్చున్న సభ్యునికి, వారెవరైనను, ఏ పక్షమువారైనను, ఈ రెండు సవరణలను గూర్చి నేనొక ఉత్తరము వ్రాసి పంపితిని. పల్నాటి పాఠకులు తామును తలకొక కార్డు వ్రాయుదురని కోరుచున్నాను.